రెండు స్టాపుల ఊరు

తొమ్మిదో తరగతిలో చరిత్ర పుస్తకం సగంలో ఉండగా నేను బడి మానేశాను. యుద్ధాల పాఠాలన్నీ ఆ మిగిలిన సగంలో ఉన్నాయని తర్వాత తెలిసింది. అందుకని ఏ దేశం ఎందుకు తనలో తాను కొట్టుకు చచ్చిందో నాకు సరిగ్గా తెలియదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక టీవీలో చూస్తుంటాను. ఎక్కడో దూరదేశం. ఒకటే మాట, ఒకటే తిండి, సైన్యాలు మాత్రం రెండు. పక్కన కోటు తొడుక్కున్న ఒకాయన, ఈ అంతర్యుద్ధానికి కారణాలు నాలుగు అని వేళ్లు మడిచి చెబుతుంటాడు. నాలుగేనని అంత నమ్మకంగా ఎట్లా చెప్పగలుగుతాడా అని నాకు ఆశ్చర్యం. నేను బస్సు తోలిన దారిలో ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి యుద్ధానికి కారణం అడిగితే నాకు ఇంటికొకటి దొరికింది.

కొత్తగా స్టీరింగు పట్టిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. క్లచ్చి, బ్రేకు, మలుపులు మీకు ట్రైనింగులో నేర్పుతారు. ఒక ఊరు మధ్యకు ఎట్లా తెగిపోతుందో, తెగినదాన్ని అతికించబోతే ఏమవుతుందో ఎవరూ నేర్పరు. నేనూ నేర్పలేను. జరిగింది చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నాది ధర్మవరంలో తెల్లారక ముందే బయలుదేరి, పెనుకొండ మీదుగా హిందూపురం పోయి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చే పల్లె బస్సు. ధర్మవరంలో పట్టుచీరల మూటలు ఎక్కేవి. దారి పొడవునా హిందూపురం మార్కెట్టుకు పోయే పట్టుగూళ్ల సంచులు ఎక్కేవి. చీరల మూటలవాళ్లు గూళ్ల వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు. ఆ చీర ఈ గూటిలోంచే వచ్చింది కదయ్యా అంటే ఒక్కడూ నవ్వేవాడు కాదు. పెనుకొండ దాటి కొంత దూరం పోయాక పెద్దరోడ్డు దిగి లోపలికి తిరిగితే ఆ ఊరు. మా వైపు వీధిని గేరి అంటాం. ఆ ఊళ్లో పైగేరి, కిందిగేరి అని రెండు వీధులు. వీధికొక స్టాపు. రెంటికీ మధ్య దూరం ఎంతంటే, పైగేరి స్టాపులో ఒకరు తుమ్మితే కిందిగేరి స్టాపులో ఉన్నవాళ్లు శతాయుష్షు అనొచ్చు. అనరు, అంతే.

రెండు చోట్లా సమానంగా ఆపాలి. కిందిగేరిలో ఒక పెద్దాయన చేతిగడియారం చూసుకుంటూ నిలబడేవాడు.

"ఏమప్పా, పైగేరిలో టీ తాగొచ్చినావా? ఇంత సేపు ఆపినావే!"

"లేదు మామా, ఆడొక అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఎక్కేదానికి టైము పట్టింది. మీరు కూడా మోకాళ్ల నొప్పులుండే అవ్వను ఒకామెను చూసి పెట్టుకోండి, మీకూ అంతే సేపు ఆపుతా."

ఆయన నవ్వలేదు. మరుసటి రోజు నిజంగానే ఒక అవ్వను తోడు తెచ్చుకున్నాడు.

బస్సు లోపలా అంతే. పైగేరివాళ్లు నా వెనక వరుసలో, అంటే కుడిచేతి వైపు కూర్చుంటారు. కిందిగేరివాళ్లు తలుపు వైపు. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. తలుపు వైపు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా పైగేరి ముసలాయన కమ్మీ పట్టుకుని వేలాడుతూ వచ్చేవాడు. పార్టీకి అంత కట్టుబడిన మనుషులను నేను అసెంబ్లీలో కూడా చూడలేదు.

ఇది ఎట్లా మొదలైందని నేను అడగని మనిషి లేడు. పైగేరిలో ఒకాయన, జాతరలో పొట్టేలు తలకాయ ఎవరింటికి పోవాలన్న దగ్గర మొదలైందన్నాడు. కిందిగేరిలో ఒకాయన, అబ్బే, వాళ్ల గొర్రెలు మా చెనిక్కాయ చేన్లో పడినప్పుడు అన్నాడు. చెనిక్కాయంటే మా వైపు వేరుశనగ. ఊళ్లో పోలీసు పికెట్లో ఉండిన కానిస్టేబులు పంచాయతీ ఎన్నికలన్నాడు. నాకంటే ముందు ఆ రూటు తోలిన డ్రైవరన్న, పెళ్లిపత్రికలో ఒక పెద్దమనిషి పేరు ఇంకొకరి పేరు కింద పడిందట, అదీ అసలు సంగతి అన్నాడు. చివరికి ఒక అవ్వ చెప్పిందే నాకు నచ్చింది.

"నేను కాపరానికి వచ్చేటప్పటికే ఉండాది నాయనా. ఇంట్లో రోలు మాదిరి. ఎవురు తెచ్చి ఆడ పెట్టినారో తెల్దు. పక్కకు జరపల్లంటే మాత్రం ఎవురితోనూ అయితాలేదు."

రోలు అక్కడ ఉన్నంత కాలం అందులో ఏదో ఒకటి వేసి దంచుతూనే ఉన్నారు. నాటుబాంబులు, వేటకొడవళ్లు, కోర్టు వాయిదాలు. మగవాళ్లు కొందరు పోయారు, కొందరు జైలుకు పోయారు, కొందరు బెంగుళూరుకు పోయి మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఒక రోజుతో అని కాదు గాని, మెల్లగా ఆగిపోయింది. రెండు వైపులా నడిపించిన పెద్దలు ముసలివాళ్లయ్యారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి భూముల ధరలు లేచాక వాళ్ల కొడుకులిద్దరూ కలిసి ప్లాట్లు వేశారు. ఆ లేఅవుట్‌కు గేటు ఒకటే. నేను పోయి చూసి వచ్చాను, లోపల మధ్యగోడ కూడా లేదు. వాళ్ల యుద్ధం అట్లా అయిపోయింది. ఊరికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఊళ్లో రెండు టీకొట్లు, రెండు రచ్చబండలు, రెండు బస్టాపులు అట్లాగే మిగిలాయి. గడ్డం చేసే ఆయన మాత్రం ఊరంతటికీ ఒక్కడే. రెండు వైపులవాళ్లూ ఆయన కత్తి ముందు మాత్రం నమ్మకంగా మెడ చాపేవాళ్లు.

నా కండక్టరు ఒక ఆడబిడ్డ. మడకశిర వైపు మనిషి, డిగ్రీ చదివింది. నేను తొమ్మిదిలో వదిలేసిన చదువును నా తరఫున కూడా ఆమే చదివేసింది. ఇంట్లో కన్నడం, బస్సులో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆమె నెంబరు ఆ దారిలో ప్రతి ఆడమనిషి ఫోన్‌లోనూ ఉండేది. పొద్దున్నే మొదలు: "అక్కా, బస్సు యాడ ఉండాది?" "వస్తాండామే, ఇంకా పెనుకొండ దాటల్యా, జడేసుకో పో."

అలా ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోయేవాళ్లు. ఆ ఊరి నుంచి రెండు వీధుల ఆడవాళ్లూ పోయేవాళ్లు. వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకామె కిందిగేరి. ముప్పై దాటిన మనిషి. మొగుడు వదిలేసి పోతే పుట్టింటికే వచ్చి, మంచాన పడిన తల్లిని ఆ కుట్టుపని మీదే సాకుతోంది. ఇంకొకతె పైగేరి పిల్ల, ఇంకా పెళ్లి కాలేదు. ఫ్యాక్టరీలో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. ఈమె కాలరు కుడితే ఆ పిల్ల దాన్ని చొక్కాకు అతికిస్తుంది.

సాయంత్రం హిందూపురంలో ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకే సీట్లో కూర్చునేవాళ్లు. ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి మారేది. సూపర్‌వైజరును అనుకరించి నవ్వుకునేవాళ్లు. మిగతావాళ్లూ అంతే, ఏ వీధి వాళ్లెవరో చెప్పడం కష్టం. సోమందేపల్లి దాటి, బస్సు పెద్దరోడ్డు దిగే క్రాసు వచ్చిందా, ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరూ లేచేవాళ్లు. పైగేరి ఈ పక్కకు, కిందిగేరి ఆ పక్కకు. నా అద్దంలో చూస్తే, ఎండకు ఆరేసిన వడ్లను ఎవరో రెండు కుప్పలుగా లాగినట్టు ఉండేది. తర్వాత ఊరు వచ్చేదాకా ఒక్క మాట వినపడేది కాదు.

ఒకసారి నోరు ఊరుకోక అన్నాను. "ఏమ్మా, ఇద్దరూ కలిసి ఒక చొక్కా కుడతారు గదా, ఒక సీట్లో కూర్చోని ఊరిదాకా పోలేరా?"

కిందిగేరి ఆమె వెంటనే అంది. "చొక్కా దూరదేశపోడు తొడుక్కుంటాడన్నా. సీటు ఊరోళ్లు చూస్తారు."

నేను అద్దంలోంచి చూపు తీసి గేరు మార్చాను.

నా సర్వీసు ఇంక కొన్ని నెలలుందనగా డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. డ్రైవర్లను 'మీరు' అనేవాడు. ఒకే ఊళ్లో కూతవేటు దూరంలో రెండు స్టాపులు ఎందుకని అడిగాడు. ఎవరో నిధులిస్తే రెండు స్టాపులకూ సరిగ్గా మధ్యన, కొలిచి మరీ, ఒక షెల్టరు కట్టించారు. ఒకటో తారీఖు నుంచి బస్సు అక్కడ మాత్రమే ఆగాలని ఆర్డరు.

నేను పోయి కలిశాను. "సార్, అన్నీ బాగుండాయి, ఆ జాగా ఒక్కటి మార్చండి. మొదట స్టాపు ఆడే ఉండె. ఆడ నిలబడిన మనిషిని బాంబేసి చంపినారు. ఆ తర్వాతనే స్టాపు రెండుగా చేసినారు. అప్పటి నుంచి ఆ జాగాలో ఎవరూ నిలబడరు."

"ఎన్నేళ్లయింది?"

"చానా ఏండ్లైంది సార్."

"మరి ఇంకెన్నేళ్లు నిలబడకుండా ఉంటారు?"

ఆయనే మళ్లీ నిదానంగా అన్నాడు. "మనం రెండు స్టాపులు ఇస్తున్నంత కాలం అవి రెండు ఊళ్లే అవుతాయి కదా. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపాలి."

ఇప్పుడు ఆలోచించినా ఆ మాటలో తప్పు కనపడదు. అదే నా ఇబ్బంది. తప్పు మనిషి తప్పు ఆర్డరు ఇస్తే తిట్టుకుంటూ తిరగొచ్చు. మంచి మనిషి సరైన మాట చెప్పి, అది ఎవరి నెత్తినో పడితే, ఏం చేయాలో నాకు ఏ బడీ నేర్పలేదు.

ఒకటో తారీఖు వచ్చింది. పైగేరి స్టాపులో ఎప్పటిలాగే ఆడవాళ్లంతా క్యారియర్లతో నిలబడి చేతులెత్తారు. వెనక రచ్చబండ మీద మగవాళ్లు కూర్చుని చూస్తున్నారు. షెల్టరు పక్కన చెకింగ్ స్క్వాడ్ జీపు ఉంది.

"ఆపొద్దన్నా," అంది కండక్టరు. "జీపులోంచి చూస్తాండారు."

చేతులెత్తిన వాళ్లను దాటి పోవడం డ్రైవరుకు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. షెల్టరు దగ్గర ఆపాను. లోపల మేకలున్నాయి. కండక్టరు తలుపు తీసింది. మేకలు మా వైపు చూశాయి, మేం వాటి వైపు చూశాం. "ఎవురన్నా ఎక్కుతారా?" అని ఆమె మేకలనే అడిగి విజిల్ వేసింది. ముందుకు పోతే కిందిగేరి స్టాపులో అవే ఎత్తిన చేతులు. పరిగెత్తుకుని షెల్టరు దాకా రావడానికి ఎంతసేపు? ఎవరూ రాలేదు. ముందు ఏ వీధి కదిలితే ఆ వీధి ఓడినట్టు. రెండు వీధుల పెద్దలూ, ఎన్నడూ ఒక మాట మీద లేనివాళ్లు, ఇదొక్క విషయంలో ఒక్కటయ్యారు: ఎవరూ అక్కడ అడుగు పెట్టకూడదు.

రెండో రోజూ అంతే.

ఆ సాయంత్రం హిందూపురం బస్టాండులో టీ తాగుతుంటే కండక్టరు ఫోన్ మోగింది. కిందిగేరి ఆమె. నాకు వినపడేటట్టు స్పీకరు పెట్టింది.

"అక్కా, రెండు దినాలు పోలేదు. రేపు కూడా పోకుంటే గేటు తీయరంట. పేరు కొట్టేస్తారంట. మా యమ్మ మందులు, తిండి అన్నీ దాని మీదే గదక్కా. ఆటోలొచ్చేసరికి టైము దాటిపోతాది. అన్నతో చెప్పు, ఒక్క నిమిషం మా స్టాపులో కాలు పెట్టమను బ్రేకు మీద."

నేను ఫోన్ దగ్గరికి వంగి నవ్వుతూ అన్నాను. "బ్రేకు మీద కాలు పెడితే నీ పని నిలబడతాది పాపా, నాది పోతాది. నువ్వే నాలుగు అడుగులేసి ఆ మేకల పక్కన నిలబడు. మేకలు ఏ పార్టీవీ కావులే, నేను కనుక్కున్యా."

"ఆడ పడిపోయింది మా నాయనన్నా," అని ఫోన్ పెట్టేసింది.

అక్కడ ఒక మనిషిని చంపారని తెలుసు నాకు. ఎవరి తండ్రో తెలియదు. ఆ బస్సులో అన్నేళ్లు ఆమెను ఎక్కించి దించాను, తెలియదు.

"నీకు తెలుసా?" అన్నాను కండక్టరుతో.

"తెలుసు. అప్పుడామె చిన్నపిల్ల. ఇంకొకటి చెప్తా విను. ఆ కేసులో జైలుకు పోయొచ్చింది ఎవరనుకుంటాండావు? ఆ పైగేరి పిల్ల మేనమామ."

"ఇద్దరూ ఒకే క్యారియర్లో తింటారు గదే!"

"ఆకలేసిన కాడ అన్నీ గుర్తు పెట్టుకుంటే ముద్ద దిగుతుందా అన్నా?" అంది ఆమె, టీ గ్లాసు కింద పెట్టి.

మూడో రోజు పొద్దున పెనుకొండ దాటినప్పటి నుంచి కండక్టరు నా వెనకే నిలబడింది. ఏం చేస్తావని అడగలేదు. నాకూ తెలియదు. నా సర్వీసు కాగితాలు అప్పటికే పై ఆఫీసులో ఉన్నాయి. ఒక్క చార్జిషీటు చాలు, పెన్షను నా మనవడి పెళ్లికి వస్తుంది. అయినా మనసు ఒకటి అంటుంటే, కాలు ఇంకోటి అంటుంటే వచ్చాను.

పైగేరి స్టాపులో ఆ పిల్ల ఉంది. చెయ్యి ఎత్తలేదు. పక్కన పాలక్యాన్లు కట్టిన మొపెడ్ మీద ఒక కాలు కింద ఆనించి దాని మేనమామ. జైలు నుంచి వచ్చాక ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడినట్టు నేను చూడలేదు. పాలు పోసి రావడం, ఇంటికి పోవడం. నేను దాటి ముందుకు పోయాను.

షెల్టరు ముందు ఒక మనిషి ఉంది.

లోపల కాదు, బయట, రోడ్డు అంచున. చెప్పులు విడిచి చేత పట్టుకుంది. ఇంకొక చేతిలో క్యారియరు. ఆమె వెనక దూరంగా కిందిగేరి స్టాపులో మగవాళ్లంతా లేచి నిలబడి చూస్తున్నారు. ఒకరు ఏదో అరిచారు. ఆమె అటు తిరగలేదు.

ఆపాను. కండక్టరు తలుపు తీసి, చెయ్యి ఇచ్చి ఎక్కించుకుంది. ఆమె సీట్ల మధ్య నిలబడిపోయింది.

"కూర్చోవే," అంది కండక్టరు.

"యా పక్క కూర్చోవల్లక్కా?"

కండక్టరుకు కూడా తోచలేదు. చివరికి ఆమె ముందుకు వచ్చి, నా పక్కన ఇంజిను మూత మీద కూర్చుంది. అది ఏ వీధికీ చెందదు. కూర్చున్నాక, "అన్నా, ఒక్క నిమిషం ఆగుతావా? ఆ పిల్ల కూడా వస్తాదేమో," అంది.

అద్దంలో చూశాను. పైగేరి పిల్ల నడిచి వస్తోంది. గబగబ కాదు, బెదురు బెదురుగా. సగం దూరం వచ్చింది. వెనక నుంచి మేనమామ పేరు పెట్టి పిలిచాడు. ఆగింది. మళ్లీ పిలిచాడు. అక్కడే నిలబడిపోయింది, ఇటు కాదు అటు కాదు. షెల్టరు పక్కన ఆ రోజూ ఉన్న స్క్వాడ్ జీపులోంచి హారన్ కొట్టారు. కండక్టరు విజిల్ వేయకుండా చూసినంత సేపు చూసింది. తర్వాత వేసింది. నేను బండి కదిలించాను.

పెద్దరోడ్డు ఎక్కాక నేనే మాట కలిపాను. నాకు మౌనంగా ఉండడం చాతకాదు.

"పాపా, నిన్న నేను ఊరికే అన్న్యా. నువ్వు ఆడికి వస్తావని అనుకోల్యా."

చెప్పులు తొడుక్కుంటూ అంది. "మా నాయన ఆడ నిలబడింది బస్సు కోసరమే గదన్నా."

నేను రోడ్డు చూసుకుంటూ తోలాను. సోమందేపల్లి దగ్గర మనుషులను ఎక్కించుకునేటప్పుడు దూరంగా ఒక మొపెడ్ వస్తుండడం అద్దంలో కనిపించింది. పట్టించుకోలేదు. ఆ రోడ్డు మీద మొపెడ్లకు కొరవా? కానీ ఆ తర్వాత రెండు మూడుసార్లు చూస్తే, ఇంజిను మూత మీద కూర్చున్న ఈమె కూడా నా అద్దంలోకే చూస్తోంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు టైములో ఎప్పుడూ బస్సులు ఇరుక్కుంటాయి. నా బస్సూ ఇరుక్కుంది. ఆమె దిగింది. లోపలికి పోలేదు. గేటు బయట నిలబడింది. సెక్యూరిటీ ఆయన గొలుసు చేత పట్టుకుని ఉన్నాడు.

"ఏమ్మా, ఇప్పటికే రెండు దినాలు రాల్యా నువ్వు. లోపలికి పో. సైరన్ కొట్టిందంటే నేను గేటు తీయను."

"ఇంకొకరు వస్తాండారన్నా."

"ఎవురు?"

"నా పక్క మిషన్."

"పక్క మిషన్ వస్తే వస్తాది, రాకుంటే లేదు. నీ పని నువ్వు చూసుకో."

ఆమె కదలలేదు. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి కన్నడంలో ఏదో తిట్టింది. సెక్యూరిటీ ఆయననా, ఆమెనా, ఊరినా, నాకు తెలియలేదు. తల్లి మందులు, తిండి అన్నీ ఆ గేటుకు ఆ పక్కన ఉన్నాయి. మనిషి ఈ పక్కన నిలబడి రోడ్డు చూస్తోంది. హారన్ కొట్టి లోపలికి పొమ్మని సైగ చేశాను. చెయ్యి అడ్డంగా ఊపింది.

అప్పుడు వచ్చింది మొపెడ్. పాలక్యాన్లు లేవు. ఎక్కడ దించి పెట్టాడో. వెనక కూర్చున్న పిల్ల తల నిండా దుమ్ము. గేటు దాకా రాకుండా ఒక బస్సంత దూరం ముందే ఆపేశాడాయన. గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో చూశాడు. ముఖం పక్కకు తిప్పుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల దిగి పరిగెత్తింది.

కిందిగేరి ఆమె ఆ పిల్ల దుమ్ము చూసింది. తర్వాత దూరంగా మొపెడ్ మీద ఉన్న మనిషిని చూసింది. ఎంతసేపో చూసిందని నాకనిపించింది. కానీ సైరన్ ఇంకా మోగలేదు కాబట్టి అంత సేపు అయ్యుండదు.

"కొంగన్నా కప్పుకోని రాకూడదా తలకు," అని ఆ పిల్లను కసిరి, రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. గొలుసు పడింది. సైరన్ మోగింది.

ముందున్న బస్సు కదిలేలోగా నేను కిటికీలోంచి వంగాను. "ఏం మామా, బస్సుకు పంపింటే సరిపోయేది గదా! దగ్గరిదాకా వచ్చిన పిల్లను వెనక్కి పిలిచి, ఇంత దూరం పెట్రోలు కాల్చుకోని తెచ్చినావే!"

నేనిక గేరు వేయబోతుంటే అన్నాడు.

"ఆ బిడ్డ ముందర, ఆ జాగాలో, మా ఇంటి పిల్లను ఎట్ల నిలబెడుదునప్పా?"

మొపెడ్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

అందరూ ఆ పిల్లను పైగేరి పట్టుదల కోసం వెనక్కి పిలిచాడనే అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఇన్నేళ్లుగా అందరినీ కారణాలు అడిగినవాణ్ణి, ఆయన్ను ఒక్కణ్ణీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో తెలియదు. ఇక అడగను కూడా.

తర్వాత ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. సాయంత్రం కిందిగేరి పెద్దలు ఆమెను రచ్చబండ దగ్గరికి పిలిచి, తండ్రి రక్తం పడిన చోట నిలబడి బస్సెక్కుతావా అని గట్టిగా అరిచారట. రేపటి నుంచి మీలో ఎవరైనా నన్ను బండి మీద తీసుకుపోతారా అని అడిగిందట. ఒక్కొక్కరే లేచి పోయారట. మరుసటి రోజు షెల్టరు దగ్గర ఆమెతో పాటు ఇంకొందరు ఆడవాళ్లున్నారు. వారం తిరిగేసరికి రెండు వీధులూ వచ్చాయి. మేకలు వేరే చోటు చూసుకున్నాయి. షెల్టరులో ఈ చివర ఒక వీధి, ఆ చివర ఒక వీధి, మధ్యలో ఖాళీ. మేనేజరు ఒకరోజు వచ్చి చూసి సంతోషపడ్డాడు. "చూశారా, ఒకటే స్టాపు అయింది" అన్నాడు. అయింది. అబద్ధం కాదు. నేను కూడా తలూపాను. ఒక ఊరు ఒకచోట నిలబడడానికి ఒక ఆడమనిషి ఎంత దూరం నడవాల్సి వచ్చిందో, ఆయన కొలిచిన కొలతలో అది లేదు. అది ఆయన తప్పూ కాదు.

ఆ ఊరు గుర్తొచ్చినప్పుడు, టీవీలో కోటాయన వేళ్లు మడిచేటప్పుడు, నాకు అలసటగా ఉంటుంది. యుద్ధం ముగిసిందని సంతకాలు పెట్టేవాళ్లు ఒకరు, ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి దాని పక్కనుంచి పనికి పోయేవాళ్లు ఇంకొకరు.

పైగేరి పిల్ల మాత్రం షెల్టరుకు రాలేదు. నేను రిటైరయ్యే దాకా ప్రతి పొద్దునా నా బస్సు వెనకే మొపెడ్. పాలు ఇంకెవరి చేతో పంపించేవాడట. గేటుకు ఒక బస్సంత దూరంలో ఆపేవాడు, పిల్ల దిగి పరిగెత్తేది, ఆయన గోడ వైపు చూస్తూ ఉండేవాడు. గేటు దగ్గర కిందిగేరి ఆమె ఎదురు చూస్తుండేది. ఆమెకూ ఆ మేనమామకూ మధ్య ఒక్క మాట నడిచినట్టు నేను వినలేదు. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. నేను దిగిపోయాను.

నా తర్వాత ఆ రూటు తీసుకున్న కుర్రాడు కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఎవురన్నా ఈ మొపెడ్ ముసలోడు? పొద్దున్నే ఊరు కాన్నుంచి తగులుకుంటాడు. సైడిచ్చినా ముందుకు పోడు. వాన పడినా అంతే, ఆ పిల్లను ఎనక కూర్చోబెట్టుకోని నా టైర్ల ఎనకే వస్తాడు. ఆపి అడగల్లా ఏందని?"

ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? పొట్టేలు తలకాయ దగ్గరా, చెనిక్కాయ చేను దగ్గరా?

"ఏమీ అడగొద్దులే నాయనా," అన్నాను. "వానలో మాత్రం కొంచెం నిదానంగా పో. నీ టైర్ల నీళ్లు ఎగిరి ఎనక వచ్చేవాళ్ల కండ్లల్లో పడతాయి."